నార్వే చర్చి పుస్తకాల్లో పాత మరణ నమోదులు చదవడం ఎలా?

నార్వేలో స్థిరపడిన తెలుగువాళ్లూ, అమెరికాలో నార్వే మూలాలున్న కుటుంబాలతో వియ్యమందినవాళ్లూ పిల్లలకోసం వంశవృక్షం గీయాలని కూర్చుంటారు. తెలుగు వైపు తాతముత్తాతల పేర్లు పెద్దవాళ్లను అడిగి తెలుసుకుంటారు. నార్వే వైపు అడగడానికి ఎవరూ మిగలరు, కాని చర్చి పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. తెరిస్తే మాత్రం అన్నీ కోడిగీతలు. వీటిని ఎలా చదవాలని పదేపదే అడుగుతున్నారు కనుక అంతా ఒకచోట రాస్తున్నాను.

లిపి కష్టమే, అయినా ఓపికపడితే లొంగుతుంది. చాలామంది దెబ్బతినేది లిపి దగ్గర కాదు. సరిగ్గానే చదివిన వరసను తప్పు మనిషికి అంటగట్టడం దగ్గర. అందుకే సరిచూసుకునే పనికి ఇక్కడ ఎక్కువ చోటిచ్చాను.

ఇంకో గమనిక. నార్వే మాటలను పలికే తీరులో కాకుండా, పేజీ మీద కనిపించే అక్షరాల వరుసకు దగ్గరగా తెలుగులో రాశాను. పుస్తకంతో పోల్చుకోవడానికి ఇదే అనువుగా ఉంటుంది.

కావలసినవి

- వెతికే మనిషి పేరు, తండ్రి పేరు, ఉండిన పొలం పేరు, చనిపోయిన దశాబ్దం. వీటిలో కనీసం మూడు చేతిలో ఉండాలి. ఉత్త పేరుతో మొదలుపెట్టకండి.
- పెద్ద తెర ఉన్న కంప్యూటర్. ఫోనులో పేజీ పెద్దది చేస్తే గడి శీర్షిక కనబడదు, శీర్షిక చూస్తే అక్షరం కనబడదు.
- గోతిక్ (ఈ పుస్తకాల్లోని పాతకాలపు లిపి) చేతిరాత అక్షరమాల పట్టిక. డెన్మార్క్, నార్వేల కోసం చేసినదే తీసుకోండి. జర్మన్ పట్టికతోనూ పని నడుస్తుంది కాని కొన్ని అక్షరాలు తేడాగా ఉంటాయి.
- 1814కు ముందరి పుస్తకాలైతే, ఏ ఏడు ఈస్టర్ ఏ తేదీన వచ్చిందో చెప్పే పట్టిక.
- ఒక నోటుపుస్తకం, పెన్సిలు. అక్షరాలను మీ చేత్తో గీసి చూస్తే త్వరగా పట్టుబడతాయి.

1. ముందు పారిష్ తేల్చుకోండి

నార్వేలో పుస్తకాలు ఊరి పేరు మీద కాక ‘ప్రెస్టెగ్యెల్డ్’ పేరు మీద ఉంటాయి. అంటే పారిష్, ఒక పాస్టరు కింద ఉన్న ప్రాంతమంతా. దానిలో ఒక ప్రధాన చర్చి, ఒకటో రెండో అనుబంధ చర్చిలు ఉంటాయి. ఒక్కో చర్చి పరిధి ‘సోగ్న్’. మీ పొలం ఏ సోగ్న్‌లో, అది ఏ ప్రెస్టెగ్యెల్డ్‌లో ఉండేదో తేలకుండా పేజీలు తిప్పడం దండగ. సరిహద్దులు కాలక్రమంలో మారాయి కూడా. 1865 జనగణనలో ఆ పొలాన్ని వెతికితే అప్పటి పారిష్ పేరు దొరుకుతుంది.

2. పుస్తకం తెరవండి

నార్వే జాతీయ ఆర్కైవ్స్ నడిపే ‘డిజిటాల్‌ఆర్కివెట్’ సైటులో స్కాన్ చేసిన చర్చి పుస్తకాలు ఉన్నాయి. పారిష్ ఎంచుకుంటే రెండు రకాలు కనిపిస్తాయి. పాస్టరు రాసినది ‘మినిస్టెరియాల్‌బోక్’. చర్చి సహాయకుడు రాసిన రెండో ప్రతి ‘క్లొక్కెర్‌బోక్’. ఈ రెండో ప్రతి 1812 డిసెంబరు రాజాజ్ఞ తరువాత మొదలైంది. రెండూ ఉన్నచోట రెండూ చూడండి. ఒకరి చేతిరాతలో అంతుబట్టని పొలం పేరు రెండోవారి చేతిలో స్పష్టంగా ఉండటం మామూలే.

పుస్తకం లోపల ‘డోడె’ లేక ‘బెగ్రావెడె’ అన్న శీర్షిక కోసం చూడండి. మొదటిది చనిపోయినవారు, రెండోది ఖననమైనవారు. మొదటి మాటలో రెండో అక్షరం అడ్డగీత కొట్టిన ‘ఓ’. ‘డోడ్‌ఫోడ్టె’ అని ఉంటే అది చనిపోయి పుట్టిన శిశువుల జాబితా, కొన్ని పుస్తకాల్లో విడిగా ఉంటుంది.

పేజీ దొరకగానే దాని శాశ్వత లింకు, పుస్తకం సంఖ్య, పేజీ సంఖ్య రాసుకోండి. తరువాత రాసుకుందాంలే అనుకుంటే ఆ పేజీ మళ్లీ దొరకదు.

సైటులో పేర్లతో వెతికే సూచికలు కూడా ఉన్నాయి. అవి మనుషులు చదివి ఎక్కించినవి కనుక తప్పులుంటాయి. దారి చూపడానికి వాడుకోండి, సాక్ష్యంగా మాత్రం అసలు పేజీనే చూడండి. చేతిరాత చదివే సాఫ్ట్‌వేర్‌కూ ఇదే మాట. మాటలు ఫరవాలేదనిపించినా అంకెల దగ్గర దాన్ని నమ్మకండి.

3. సంవత్సరాన్ని బట్టి ఏం ఆశించాలో తెలుసుకోండి

సుమారు 1814కు ముందు అచ్చు గడులు లేవు. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు వచ్చిన వరసలోనే కలగలిపి రాసేవారు. నమోదులో ఉండేది చాలావరకు ఖననం తేదీయే, మరణం తేదీ కాదు. పెళ్లయిన స్త్రీని ‘ఆండెర్స్ నోర్డ్‌బీ భార్య’ అని పేరు లేకుండా రాసిన పాస్టర్లున్నారు. పిల్లలకైతే తండ్రి పేరు పక్కన ‘బార్న్’ (బిడ్డ) అన్న ఒక్క మాటతో సరిపెట్టేవారు.

1812 ఆజ్ఞతో అచ్చు ఫారాలు వచ్చాయి. మగవారికి ఒక జాబితా, ఆడవారికి ఒక జాబితా. ఏటా వరుస సంఖ్య ఒకటి నుంచి మొదలవుతుంది. మరణం తేదీ, ఖననం తేదీ, పేరు, వృత్తి, నివాసం, వయసు, వ్యాఖ్యలు ఉంటాయి. 1877 ఫారం మనకు వరం. దానిలో వయసు బదులు పుట్టిన సంవత్సరం, పుట్టిన చోటు కూడా అడిగారు. మీ మనిషి 1877 తరువాత పోయి ఉంటే అక్కడి నుంచే వెనక్కి రండి. పాత పుస్తకాలతో కుస్తీ పట్టే ముందు తేలికైన పేజీలతో చెయ్యి తిరుగుతుంది.

4. ఆ పాస్టరు చేతిరాతను నేర్చుకోండి

నేరుగా మీ మనిషి వరసకు పోకండి. అదే చేతిరాతలో ఉన్న నాలుగైదు పేజీలు ముందు చూడండి. మీకు ముందే తెలిసిన మాటలను గుర్తుపట్టండి. నెలల పేర్లు, ‘ఓలె’, ‘హాన్స్’, ‘కారి’, ‘మారిట్’ వంటి తరచుగా వచ్చే పేర్లు, ‘గార్డ్‌మాండ్’, ‘ఎన్కె’ (రైతు, విధవ) వంటి మాటలు ప్రతి పేజీలో ఉంటాయి. వాటిలోని అక్షరాలను నోటుపుస్తకంలో అలాగే గీసుకుని సొంత పట్టిక తయారుచేసుకోండి. పాస్టరు మారితే పట్టిక కూడా మార్చాల్సిందే.

తరచూ మోసం చేసే అక్షరాలివి (ఇంగ్లీషు అక్షరాల పేర్లతో చెబుతున్నాను).

- చిన్న ‘ఈ’ రెండు చిన్న గీతల్లా ఉండి ‘ఎన్’ అనిపిస్తుంది.
- ‘యూ’ మీద చిన్న వంపుగీత ఉంటుంది, ‘ఎన్’ మీద ఉండదు. ఆ వంపే వాటి తేడా.
- మాట మధ్యలో వచ్చే పొడవైన ‘ఎస్’ అడ్డగీత లేని ‘ఎఫ్’లా ఉంటుంది. మాట చివరి ‘ఎస్’ గుండ్రంగా ఉంటుంది.
- ‘హెచ్’కు పైనా కిందా మెలికలుంటాయి.
- ‘ఎమ్’, ‘ఎన్’ల మీద పొడవుగా అడ్డగీత ఉంటే ఆ అక్షరం రెండుసార్లు ఉందని అర్థం.
- పెద్ద అక్షరాల్లో ‘కె’, ‘ఆర్’ ఒకేలా కనిపిస్తాయి. పొలం పేరు దొరకలేదంటే మొదటి అక్షరాన్ని మార్చి చూడండి.

చాలామంది పాస్టర్లు మిగతాదంతా గోతిక్‌లో రాసి, మనుషుల పేర్లు మాత్రం మనకు అలవాటైన రోమన్ లిపిలో రాశారు. అది మన అదృష్టం. పనిలో పనిగా ఒక మాట. తమిళనాడులోని తరంగంబాడి డెన్మార్క్–నార్వే రాజు పాలనలో ఉండేది, 1788 నుంచి కొన్నేళ్లు అక్కడ గవర్నరుగా ఉన్న పేటెర్ ఆంకెర్ నార్వేవాడే. అక్కడి పాత కాగితాలూ ఈ చేతిరాతలోనివే కనుక, ఈ లిపి పట్టుబడితే మన తీరప్రాంత చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి మరో తలుపు తెరుచుకుంటుంది.

5. పేరు, పొలం పేరు

తెలుగువాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ‘ఓలె హాన్సెన్ నోర్డ్‌బీ’ అన్న పేరులో చివరి మాటను మనం ఇంటిపేరు అనుకుంటాం. మన ఇంటిపేర్లు కూడా చాలావరకు ఊళ్ల పేర్లే కదా. కాని మనవాళ్లు ఊరు మారినా ఇంటిపేరు మారదు. నార్వేలో పొలం పేరు చిరునామా వంటిది. నోర్డ్‌బీలో పుట్టినవాడు మరో పొలానికి వెళితే ఆ పొలం పేరే అతని పేరు చివర చేరుతుంది. భార్య వైపు పొలానికి ఇల్లరికం వెళ్లినవాడికీ అంతే. కాబట్టి పుట్టుక నమోదులో ఒక పొలం, మరణ నమోదులో మరో పొలం ఉంటే కంగారుపడనక్కరలేదు.

‘హాన్సెన్’ అంటే హాన్స్ కొడుకు, ‘హాన్స్‌డాటెర్’ అంటే హాన్స్ కూతురు. పెళ్లయినా స్త్రీ తండ్రి పేరే ఉంచుకునేది. కుటుంబమంతటికీ ఒకే ఇంటిపేరు ఉండాలన్నది 1923 చట్టంతో వచ్చింది. 19వ శతాబ్దపు నమోదులో భార్యను భర్త పేరుతో వెతికితే చాలావరకు దొరకదు.

పొలం పేరు తోకలు గమనించండి. ‘నోర్డ్రె’ ఉత్తరపుది, ‘సోండ్రె’ దక్షిణపుది, ‘ఓవ్రె’ ఎగువది, ‘నెడ్రె’ దిగువది. పేరు చివర ‘ఐయె’ అని ఉంటే ఆ పొలం కింద ఉన్న కూలిరైతు గుడిసె అని అర్థం. ‘నోర్డ్‌బీ’లో ఉన్నవాడు, ‘నోర్డ్‌బీఐయె’లో ఉన్నవాడు ఒకే స్థాయి మనుషులు కారు. ఈ ఒక్క తోక వదిలేసి కూలిరైతును భూస్వామిగా చేసిన వంశవృక్షాలు ఎన్నో ఉన్నాయి.

నేటి పటంలో పేరు దొరక్కపోతే వర్ణక్రమం మార్చి చూడండి. రెండు ‘ఏ’లు పక్కపక్కన రాసిన చోట ఇప్పుడు నెత్తిన సున్నా ఉన్న ఒక్క ‘ఏ’ రాస్తారు. ఈ మార్పు 1917లో వచ్చింది. పాత ‘క్యూ–వి’ ఇప్పటి ‘కె–వి’ అయింది.

6. తేదీ

మొదటి ఉచ్చు నెలల పొట్టిరాతలు. ‘7బ్ర్’ అంటే జూలై కాదు, సెప్టెంబరు. ‘8బ్ర్’ అక్టోబరు, ‘9బ్ర్’ నవంబరు, ‘10బ్ర్’ లేక ‘ఎక్స్‌బ్ర్’ డిసెంబరు. లాటిన్‌లో సెప్టెమ్ అంటే ఏడు, అందుకే ఈ రాత.

రెండోది పండుగల లెక్క. 18వ శతాబ్దంలో తేదీకి బదులు ఆ ఆదివారం పేరు రాసేవారు. ‘డోమ్. 3 పి. ట్రిన్.’ అంటే ట్రినిటీ తరువాత మూడో ఆదివారం. ట్రినిటీ ఆదివారం ఈస్టర్ తరువాత 56వ రోజున వస్తుంది. ఉదాహరణకు 1750లో ఈస్టర్ మార్చి 29న వచ్చింది. 56 రోజులు కలిపితే మే 24. అక్కడి నుంచి మూడు ఆదివారాలు లెక్కిస్తే జూన్ 14. ‘క్వాసిమోడోగెనిటి’ ఈస్టర్ తరువాతి మొదటి ఆదివారం. ‘ఫెస్టో పూరిఫ్.’ ఫిబ్రవరి 2, ‘మికేలిస్’ సెప్టెంబరు 29. ‘ఎయోడెమ్’ అంటే పై నమోదు ఉన్న రోజే. 1770లో రాజు చాలా పండుగ సెలవులు రద్దుచేశాడు కనుక ఆ తరువాతి పుస్తకాల్లో పండుగ పేర్లు తగ్గుతాయి.

1700కు ముందరి తేదీలు జూలియన్ అనే పాత కాలెండరువి. డెన్మార్క్–నార్వేలో 1700 ఫిబ్రవరి 18 తరువాతి రోజు మార్చి 1. అంతకు ముందరి ఈస్టర్‌కు జూలియన్ పట్టికే వాడండి.

మూడోది అందరూ వదిలేసేది. ఖననం తేదీ అన్న చోట ఉన్నది నిజంగా పూడ్చిన రోజు కాకపోవచ్చు. అనుబంధ చర్చికి పాస్టరు కొన్ని వారాలకొకసారి వచ్చేవాడు. బంధువులు శవాన్ని ముందే పూడ్చేవారు, పాస్టరు వచ్చినప్పుడు ప్రార్థన చెప్పి మట్టి వేసేవాడు. ‘యోర్డ్‌ఫేస్టెట్’ అన్న మాట ఆ మట్టి వేయడానికే. మరణానికీ దీనికీ మధ్య వారాల తేడా కనిపిస్తే చదవడంలో పొరపాటనుకోకండి.

7. వయసు

‘ఆర్’ ఏళ్లు, ‘మానెడెర్’ నెలలు, ‘ఊగెర్’ వారాలు, ‘డాగె’ రోజులు. అంకె పక్కన మాట చదవకుండా వయసు రాసుకోకండి. తొమ్మిది వారాల పసికందును తొమ్మిదేళ్ల పిల్లగా చదవడం రోజూ జరిగేదే. ‘గ్ల.’ అన్నది ‘గమ్మెల్’కు పొట్టిరాత, ఇంత వయసున్న అని అర్థం. ‘80 ఆర్ మినుస్ 4 ఊగెర్’ అంటే ఎనభై నిండటానికి నాలుగు వారాలు తక్కువ. భాగహారం గుర్తు కనిపిస్తే భయపడకండి, నార్వేలో దాన్ని తీసివేతకు వాడే అలవాటుంది.

అంకెలు మాటల్లో రాస్తే డేనిష్ ఇరవైల లెక్క వస్తుంది. ‘ట్రెసిన్‌డ్స్‌టీవె’ మూడు ఇరవైలు, అంటే 60. ‘ఫిర్‌సిన్‌డ్స్‌టీవె’ నాలుగు ఇరవైలు, 80. ‘హాల్వ్‌ఫ్యెర్డ్‌సిన్‌డ్స్‌టీవె’ మూడున్నర ఇరవైలు, 70. మొదట్లో ‘హాల్వ్’ ఉంటే అరసంఖ్య తగ్గించాలి. ‘హాల్వ్‌ఆన్‌డెన్’ ఒకటిన్నర, ‘హాల్వ్‌ఫెమ్టె’ నాలుగున్నర.

ముసలివాళ్ల వయసు మీద గట్టి నమ్మకం పెట్టుకోకండి. 70, 80, 90 అని గుండ్రంగా ఉంటే ఇంట్లోవాళ్లు ఉజ్జాయింపుగా చెప్పింది పాస్టరు రాశాడని అనుకోవచ్చు. పిల్లలకు ఏడాది అటూ ఇటూ, నడివయసువారికి మూడేళ్లు, వృద్ధులకు పదేళ్ల వరకూ తేడా ఉంచుకుని పుట్టుక వెతకండి.

8. వృత్తి, స్థితి, కారణం

తరచుగా కనిపించే మాటలివి. గార్డ్‌మాండ్: పొలం ఉన్న రైతు. సెల్వ్‌ఐయెర్: సొంత భూమి కలవాడు. లైలెండింగ్: కౌలుదారు. హూస్‌మాండ్: గుడిసె, కాస్త నేల ఇచ్చినందుకు పొలం పని చేసేవాడు. ఇండెర్స్ట్: ఇతరుల ఇంట్లో అద్దెకుండేవాడు. ఫోడెరాడ్స్‌మాండ్, కార్‌మాండ్: పొలం కొడుక్కో కొన్నవాడికో అప్పజెప్పి, ఒప్పందం ప్రకారం తిండీ బట్టా పొందే వృద్ధుడు. లేగ్డ్స్‌లెమ్: పారిష్ పోషణలో ఇల్లిల్లూ తిరిగి ఉండే నిరుపేద. ఎన్కె విధవ, ఎన్కెమాండ్ భార్య పోయినవాడు. ఉంగ్‌కార్ల్ పెళ్లికాని పురుషుడు. పిగె పెళ్లికాని స్త్రీ, డెబ్బై ఏళ్లున్నా సరే. పేరు ముందు ‘సాల్.’ అని ఉంటే ఆ మనిషి అప్పటికే చనిపోయాడని అర్థం. ‘సాల్. హాన్స్ ఓల్సెన్స్ ఎన్కె’ అని చూసి, పోయింది హాన్స్ అనుకోవద్దు. పోయింది ఆయన విధవ.

కారణాల్లో ‘కోపెర్’ మశూచి, ‘బ్లోడ్‌గాంగ్’ రక్తవిరేచనాలు, ‘టేరింగ్’ క్షయ, ‘కిగ్‌హోస్టె’ కోరింతదగ్గు, ‘వాటెర్‌సోట్’ ఒంటినిండా నీరు పట్టడం, ‘స్పెడాల్స్క్‌హెడ్’ కుష్ఠు, ‘డ్రుక్‌నెట్’ నీటమునక, ‘ఆల్డెర్‌డోమ్’ ముసలితనం. ఇవి వైద్యుడి నిర్ధారణలు కావు, చూసినవాళ్లు చెప్పినవి. ‘బ్రిస్ట్‌సీగె’ అని ఉంటే ఛాతీ జబ్బు అని మాత్రమే రాసుకోండి, క్షయ అని తేల్చేయకండి. 1742, 1773, 1809 ప్రాంతాల్లో పేజీలు ఒక్కసారిగా నిండిపోతే ఆశ్చర్యపోకండి. అవి కరువు, అంటురోగాల కాలాలు. తొందరలో పాస్టరు రాత మరీ పొట్టిగా ఉంటుంది.

9. ఒక నమూనా

ఇది నేను అల్లిన వరస: ‘డోమ్. 3 పి. ట్రిన్. బెగ్ర. ఆండెర్స్ నోర్డ్‌బీఐయెస్ హుస్ట్రూ కారి ఓల్స్‌డాటెర్ గ్ల. 63 ఆర్.’ సంవత్సరం 1750 అనుకుందాం. చదివితే వచ్చేది: 1750 జూన్ 14న ఖననం, నోర్డ్‌బీ పొలం కింద గుడిసెలో ఉండే ఆండెర్స్ భార్య, ఓలె కూతురు కారి, 63 ఏళ్లు. మరణం తేదీ లేదు కనుక ఆ గడి ఖాళీగా ఉంచండి, జూన్ 14 నింపకండి. పుట్టుక 1687 ప్రాంతం, రూఢి కాదు. భర్త అప్పటికి బతికే ఉన్నాడనిపిస్తుంది, ఎందుకంటే ఎన్కె అనలేదు, ‘సాల్.’ అనీ లేదు.

అంతుబట్టని అక్షరం దగ్గర చుక్క పెట్టండి. ఊహించి నింపిన పేరు రెండు నెలల తరువాత మీకే నిజంగా కనిపిస్తుంది.

10. ఇతను మీ మనిషేనా?

ఒకే పారిష్‌లో ఒకే కాలంలో నలుగురు ఓలె ఓల్సెన్‌లు ఉండటం సాధారణం. ఒక్క నమోదుతో ఖాయం చేయకండి. పేరు కాక కనీసం రెండు విషయాలు కలవాలి: పొలం, భార్య లేక భర్త పేరు, వయసు, తండ్రి.

- క్లొక్కెర్‌బోక్‌లో అదే నమోదు చూడండి.
- 1801, 1865, 1875, 1900, 1910 జనగణనల్లో ఆ పొలం చూడండి. మరణం తరువాతి జనగణనలో ఆ మనిషి కనిపిస్తే మీరు పట్టుకున్నది వేరొకరిని. 1801, 1865ల్లో నడుస్తున్న ఏడాదిని కలిపి వయసు రాశారు, పూర్తయిన ఏళ్లకంటే ఒకటి ఎక్కువ వస్తుంది.
- ఆస్తి పంపకాల రికార్డు ‘స్కిఫ్టె’ దొరికితే అంతకు మించిన సాక్ష్యం లేదు. భార్య, బతికున్న పిల్లలు, వాళ్ల నివాసాలు అన్నీ ఉంటాయి. అచ్చు ఫారాల్లో మరణాన్ని పంపకాల కోర్టుకు తెలిపారా అనే గడి దీనికి దారి చూపుతుంది.
- జీవిత భాగస్వామి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ నమోదులో విధురుడనో విధవ అనో ఉంటుంది. మరణం అంతకు ముందే జరిగి ఉండాలి.
- అదే పేరుతో తమ్ముడు పుట్టాడు కనుక అన్న చనిపోయి ఉంటాడనే తర్కం చాలాసార్లు నిజమే, ఎల్లప్పుడూ కాదు. తాతలిద్దరి పేర్లూ ఒకటే అయితే ఇద్దరు అన్నదమ్ములకు ఒకే పేరు పెట్టి, ఇద్దరూ బతికిన ఇళ్లున్నాయి. పెద్దవాడి మరణ నమోదు కళ్లారా చూసేదాకా అతన్ని చంపకండి.

11. దొరకకపోతే

ముందు అదే ప్రెస్టెగ్యెల్డ్‌లోని మిగతా సోగ్న్‌లు, తరువాత పొరుగు పారిష్‌లు చూడండి. వృద్ధులు కూతురి దగ్గరకు వెళ్లి అక్కడ పోవడం ఎక్కువ. జాబితా చివర, మరుసటి ఏడాది మొదట్లో ఆలస్యంగా చేర్చిన వరసలుంటాయి. తీరప్రాంతం వాళ్లయితే సముద్రంలో మునిగిన వార్త అందాకే నమోదు జరుగుతుంది, శవం దొరకకపోతే ఖననం గడి ఖాళీగా ఉంటుంది. 1845 చట్టం తరువాత రాజ్యచర్చిని వదిలిన కుటుంబాలకు వేరే పుస్తకాలున్నాయి.

నలభై ఏళ్లలోపు మనిషి జాడ 19వ శతాబ్దం రెండో సగంలో తెగిపోతే, మరణాల జాబితా మూసి ‘ఉట్‌ఫ్లిట్టెడె’ అన్న వెళ్లిపోయినవారి జాబితా తెరవండి. ఆ మనిషి అమెరికా ఓడ ఎక్కి ఉండవచ్చు. అలాంటప్పుడు మరణ నమోదు నార్వేలో కాక మిన్నెసోటాలోనో విస్కాన్సిన్‌లోనో ఏదో లూథరన్ చర్చి పుస్తకంలో ఉంటుంది. తొలితరం పాస్టర్లు అక్కడా నార్వే భాషలోనే రాశారు కనుక పైన చెప్పిన మాటలే మళ్లీ పనికొస్తాయి.